కాలిన ఇనుము – క్రైస్తవమతమున దైవీభావ విచారము



మోక్షమునందు జీవుడు ఏమగును? బ్రహ్మమే అగునా, భగవంతుని చేరి సేవించుచుండునా? దీనికి శంకర, రామానుజ, మధ్వాచార్యులు మూడు సమాధానములు చెప్పిరి. ఇట్టి విచారము మనకే కలదనియు, క్రైస్తవులది కేవల ద్వైతమనియు కొందరు తలచుదురు. మరికొందరు ‘అంతయు ఒక్కటే’ అని ఒక్క మాటతో ముగింతురు. రెండును తొందరపాటు మాటలే. పూర్వపక్షమును అవతలివాడు ఒప్పుకొనునట్లు చెప్పిన పిమ్మటనే సిద్ధాంతమునకు దిగవలెనని పాఠశాలలో మాకు నేర్పిరి. ఆ నియమము ఇచటను వర్తించును.

క్రీస్తుశకము 4వ శతాబ్దమున అలెగ్జాండ్రియా పీఠాధిపతియైన అథనేసియస్, మానవుడు దైవత్వము పొందుటకే దేవుడు మానవుడయ్యెనని బోధించెను. గ్రీకు భాషలో దీనిని థియోసిస్ అందురు. మనము దైవీభావమనవచ్చును. తూర్పు క్రైస్తవాచార్యులు దీనికి చెప్పిన దృష్టాంతము నిప్పులో కాలిన ఇనుము. అది ఎఱ్ఱబడును, వెలుగును, తాకినచో కాల్చును. అయినను ఇనుము ఇనుముగనే యుండును.

మనకును తప్తాయఃపిండ న్యాయము కలదు గదా! అయితే అద్వైతులు దానిని అధ్యాసను తెలుపుటకు వాడుదురు. కాల్చునది నిప్పు, ఇనుము కాల్చినదని లోకము పలుకును. అట్లే ఆత్మచైతన్యమును అంతఃకరణమున ఆరోపించి భ్రమింతుము. ఇచట ఆ కలయిక విడదీసి తెలియవలసిన భ్రాంతి. అచట కోరి పొందవలసిన ఫలము. దృష్టాంతము కలిసినంతమాత్రమున సిద్ధాంతము కలిసినట్లు కాదు.

వారిలో వారికిని భేదములు కలవు. 14వ శతాబ్దమున ఆథోస్ పర్వతమున సాధన చేసిన గ్రెగరీ పాలమాస్, దేవుని స్వరూపము ఎవ్వరికిని అందదనియు, సృష్టింపబడని ఆయన శక్తులలో భక్తుడు నిజముగా పాలుపొందుననియు చెప్పెను. దీనిపై పెద్ద వాదము జరిగెను. 1351లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఆయన పక్షమునే నిలిపెను. పశ్చిమమున, 1274లో దివంగతుడైన థామస్ అక్వినాస్, ముక్తులు దేవుని స్వరూపమునే దర్శింతురు గాని సంపూర్ణముగా గ్రహింపజాలరనెను. జర్మనీ దేశపు ఎక్‌హార్ట్ భేదము తోచనంతటి ఐక్యమును పలుకగా, 1329లో పోపు ఆయనవిగా చెప్పబడిన 28 వాక్యములను తప్పుపట్టెను. లూథర్ 1520లో వ్రాసిన గ్రంథమున, విశ్వాసముచే కలుగు క్రీస్తుసంయోగమును వధూవరుల కలయికతో పోల్చెను.

ఇన్ని భేదములున్నను వారి ప్రధాన సంప్రదాయములు విడువని హద్దు ఒకటి కలదు: సృష్టికర్త వేరు, సృష్టి వేరు. దైవత్వము జీవునకు స్వభావసిద్ధము కాదు; కృపచే లభించును. అద్వైతమున జీవుడు క్రొత్తగా బ్రహ్మము కాడు. తానెప్పుడును బ్రహ్మమేనని తెలిసికొనును. రామానుజ మతము వారికి చేరువగా తోచును. కాని మన మువ్వురాచార్యులకును జీవుడు అనాది. వారికి జీవుడు సృష్టుడు. భేదమునకు మూలము ఇచటనే యున్నది.

కనుక ఇరుగుపొరుగు క్రైస్తవ సోదరులతో మాట వచ్చినపుడు వారి మతమును చులకన చేయకుడు. మన మతముతో కలిపివేయకుడు. వారు చెప్పునది వినుడు. మనవారు చెప్పినది భాష్యముఖమున చదువుడు. అట్లు తెలిసి నిలిచిన నిష్ఠయే చలింపదు.

స్వస్తి.