విజిల్ చేతికొచ్చాక
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)



మన బడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని కమిటీ వాళ్లు మైకు ఇచ్చారు. మంచి మాటలు నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. నేను కబడ్డీ అంపైరింగ్ నేర్చుకున్న సంగతి చెప్తాను. అందులో మన బడి బాకీ ఒకటి ఉంది.

మా రోజుల్లో మైదానంలో బాస్కెట్‌బాల్ స్తంభాలు రెండు ఉండేవి. రింగులు మేము రాకముందే పోయాయి. ఆ స్తంభాలకు మేము సైకిళ్లు ఆనించి, మధ్యలో సున్నంతో గీతలు గీసుకొని చెడుగుడు ఆడేవాళ్లం. తర్వాత నా మోకాలు పోయింది, ఆట పోయింది. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో లెక్కలు రాసే పనికి కుదిరాను. 2014లో ప్రో కబడ్డీ టీవీలో మొదలైనప్పుడు అందరూ కూతకు పోయేవాళ్లను చూస్తుంటే, నా కళ్లు మాత్రం గీత పక్కన నిలబడ్డ అంపైర్ మీద ఉండేవి. మోకాలు లేకపోయినా చేయగల పని అదొక్కటే అనిపించింది.

తేలికని కూడా అనుకున్నాను. ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరరు, ఇద్దరు అసిస్టెంట్ స్కోరర్లు. ఆరుగురిలో నేనొకణ్ణి, ఏమంత కష్టం? సూర్యాపేట దగ్గర ఒక ఊళ్లో మొదటి ఆటకు నిలబడ్డాక తెలిసింది. కళ్లు పాదాల మీద ఉండాలి, చెవులు కూత మీద ఉండాలి. నాకేమో కళ్లు, చెవులు రెండూ జనం మీదే ఉన్నాయి. కూతకు వెళ్లిన పిల్లవాడు ఒకణ్ణి తాకి, పక్కనున్న లాబీలోంచి తిరిగొస్తుంటే ‘అవుట్’ అని చెయ్యెత్తాను. తాకుడు పడ్డాక లాబీ ఆటలో కలుస్తుందని పుస్తకంలో చదివాను, పరీక్షలోనూ రాశాను. అక్కడ గుర్తుకు రాలేదు. రిఫరీ వచ్చి సరిదిద్దాడు. ఆ రోజు నన్ను తిట్టినవాళ్లలో మా మేనమామ కూడా ఉన్నాడు.

2021 మార్చిలో జూనియర్ జాతీయ పోటీలు మన సూర్యాపేటకే వచ్చాయి. దేశస్థాయి అంపైర్లు ఎక్కడ నిలబడతారో, ఎప్పుడు వంగుతారో చూసి నేర్చుకుందామని ఆశపడ్డాను. 22వ తేదీ సాయంత్రం గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. మన ఊరి పేరు దేశమంతా వినిపించింది, వినిపించాల్సిన తీరులో మాత్రం కాదు. దాని గురించి ఇక్కడ ఎక్కువ మాట్లాడను, ఆ దెబ్బలు తిన్నవాళ్లు ఈ సభలోనూ ఉండొచ్చు.

ఇక అసలు సంగతి. 2023 జనవరి, సంక్రాంతి సెలవులు, కోదాడలో బడిపిల్లల పోటీ. ఫైనల్లో మన బడి, మిర్యాలగూడ బడి. ఒకప్పుడు మూడు ఊళ్లూ నల్లగొండ జిల్లానే. 2016లో సూర్యాపేట జిల్లా అయ్యాక మిర్యాలగూడ వాళ్లు పక్క జిల్లా వాళ్లయ్యారు, పంతం ఇంకో పిసరు పెరిగింది. నాకు ఒకటి చదివిన బడి, ఇంకొకటి అన్నం పెడుతున్న ఊరు. ‘నేను నిలబడను’ అని నిర్వాహకులతో అన్నాను. ‘ఉన్నదే ముగ్గురం, నువ్వు కాకుంటే ఎవరు?’ అన్నారు. అక్కడే గట్టిగా కాదనాల్సింది.

చివరి రెండు నిమిషాలు. 27–27. మన పిల్లవాడు కూతకు వెళ్లాడు. ఇద్దరు కాళ్లు పట్టారు. వాడు నేలమీద పాక్కుంటూ మధ్యగీత వైపు చెయ్యి చాపాడు. జనం కేకల్లో కూత ఆగిందనుకొని విజిల్ వేశాను. విజిల్ పడిన మరుక్షణం వాడి వేళ్లు గీత మీద ఉన్నాయి. విజిల్ పడ్డాక ఇక చేసేదేముంది? పట్టు పాయింటు అవతలివాళ్లకు, 28–27. కూత ఆగలేదని తర్వాత మన డ్రిల్ సారు చెప్పారు. ఆయన రిటైరైనా పిల్లలతో వచ్చి గీత పక్కనే కూర్చున్నారు. నిజం చెప్పాలంటే, నాకు కూత సరిగా వినపడలేదు. ‘సొంత బడికి మొగ్గుతున్నాడు’ అంటారన్న భయం మాత్రం గట్టిగా వినపడింది.

దీన్ని తప్పు అంటే సరిపోతుంది. దీని తర్వాత చేసినదానికి ఆ మాట చాలదు.

అవతలివాళ్లు కూతకు వచ్చి ఖాళీగా పోయారు. మళ్లీ మనవాడు వెళ్లి బోనస్ గీత మీదుగా కాలు వేశాడు. ఒక పాదం గీత దాటినప్పుడు రెండో పాదం గాల్లో ఉండాలి. వాడి రెండో పాదం నేల మీదే ఉంది. అది నా కళ్ల ముందరే జరిగింది, నేను స్పష్టంగా చూశాను. చూసి కూడా బొటనవేలు పైకెత్తి బోనస్ ఇచ్చాను. 28–28. ఆఖరి కూతకు వచ్చినవాణ్ణి మనవాళ్లు పట్టేశారు. 29–28.

బస్సులో మునగాల దాటేదాకా లెక్క వేసుకుంటూనే ఉన్నాను. నేను తొందరపడకుంటే ఇద్దరిని తాకినందుకు మనకు రెండు పాయింట్లు వచ్చేవి, 29–27 అయ్యేది, ఎట్లైనా మనమే గెలిచేవాళ్లం. మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి కదా, కూడికలు ఎట్లా సరిపెట్టాలో తెలుసు. పక్కన కూర్చున్న సారుకు అదే చెప్పాను.

‘లెక్క సరే గాని,’ అన్నారు సారు, ‘బోనస్ ఇచ్చినప్పుడు అవతల మూలన నిలబడ్డ పోరన్ని చూసినవా?’

‘లేదు సార్.’

‘వాడు కాలు చూసిండు. తర్వాత నీ మొహం చూసిండు. ఏమన్నా అంటడేమో అనుకున్న. ఏమనలే. పోయి తన జాగల నిలబడ్డడు.’

సూర్యాపేట బస్టాండు వచ్చేదాకా ఆయన మళ్లీ మాట్లాడలేదు.

తర్వాత రెండు నెలలు విజిల్ ముట్టలేదు. మిర్యాలగూడలోనే ఉంటాను కదా, ఒకరోజు ఆ బడికి వెళ్లి ఆ పిల్లవాణ్ణి పిలిపించుకున్నాను. పదో తరగతి. జరిగింది జరిగినట్టు చెప్పాను. ‘నాకు తెలుసు సార్’ అన్నాడు. మరి అప్పుడే ఎందుకు అడగలేదంటే, ‘అడిగితే కార్డు చూపిస్తరని మా సార్ చెప్పిండు’ అన్నాడు. కాసేపాగి, ‘ఇప్పుడు స్కోరు మారుతదా సార్?’ అని అడిగాడు. మారదన్నాను. వాడికి బెల్లు కొట్టారు, వెళ్లిపోయాడు.

మళ్లీ విజిల్ పట్టుకున్నాను. మన బడి ఆడే ఆటకు మాత్రం నిలబడను, మనుషులు తక్కువైనా సరే. ముందే రాసిస్తున్నాను.

ఆ కప్పు ఇప్పుడు హెడ్‌మాస్టర్ గారి గదిలో అద్దాల బీరువాలో రెండో అరలో ఉంది. పొద్దున మీరంతా దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. దాన్ని తీసుకుపోయి ఇచ్చెయ్యమని నేను అడగడం లేదు. చెమటోడ్చింది పిల్లలు, ఆఖరి పట్టు పట్టింది వాళ్లే, ఆ పట్టులో తప్పేమీ లేదు. ఏం చెయ్యాలో హెడ్‌మాస్టర్ గారు, ఆ పిల్లలు కలిసి అనుకోవాలి. వాళ్లు ముగ్గురు ఇక్కడే ఉన్నారు, పొద్దుటినుంచి మీకు నీళ్ల సీసాలు పంచుతున్నది వాళ్లే. ఈ సంగతి వాళ్లకు కూడా ఇప్పుడే తెలిసింది.

తమ్ముళ్లూ, భోజనాల దగ్గర నన్ను ఏమైనా అడగండి. పచ్చ కార్డు ఇంట్లో పెట్టి వచ్చాను.