పనుల పొందిక



నేడు మన గ్రామములలో అనేక గృహములనుండి కుమారులును కుమార్తెలును హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో పోయి సాఫ్ట్‌వేరు ఉద్యోగములు చేయుచున్నారు. “నాయనా, దినమంతయు ఆ కంప్యూటరు ముందు ఏమి చేయుదువు?” అని తండ్రి యడిగినచో, “టికెట్లు చూచుకొందును” అని యొక్కమాట చెప్పి యూరకుందురు. ఆ టికెట్లు రైలుబండివి కావు, నాటకమువి కావు. ఒక్కొక్క పనికై వ్రాసియుంచిన చీటికి వారు పెట్టుకొన్న పేరది. ఆ చీటీలను ఎట్లు కూర్పవలయును, ఒకదానితో నొకటి ఎట్లు ముడివేయవలయును అనునదే నేటి ప్రసంగ విషయము. ఇది ఆ యుద్యోగులకు మాత్రమే చెల్లిన విద్య కాదు. పదిమందిచేత పని చేయించు ప్రతివానికిని కావలసినదే.

ఇట్టి చీటీల లెక్క నుంచు సాధనములలో మిక్కిలి పేరుపొందినది జీరా. వంటయింటి జీలకఱ్ఱకును దీనికిని చుట్టఱికము లేదు. 2002వ సంవత్సరమున ఆస్ట్రేలియా దేశమందలి సిడ్నీ నగరమున అట్లాసియన్ అను సంస్థ దీనిని వెలువరించెను. చలనచిత్రములలోని గాడ్జిల్లా యను మహామృగమును జపానువారు గొజీరా యందురు. ఆ పేరున మొదటి యక్షరము తీసివేయగా మిగిలినది జీరా.

ఇందు ప్రతి పనికిని ఒక సంఖ్యయు, చేయువాని పేరును, ఆ పని యే దశలో నున్నదను వివరమును ఉండును. కూర్పు సాధారణముగా మూడంతస్తులు. అన్నిటికంటె పైదానిని ఎపిక్ అందురు. ఆ మాటకు మహాకావ్యమని యర్థము. దానిక్రింద స్టోరీ, టాస్క్ మొదలైనవి. వానిక్రింద సబ్‌టాస్కులు. మన పరిభాషలో చెప్పవలెనన్న, భారతము, పర్వము, ఆశ్వాసము. ఒక ఆశ్వాసము రెండు పర్వములలో నుండజాలనట్లే, ఒక చిన్నపనికి పైపని యొక్కటియే. ఈ బంధము తల్లిబిడ్డల బంధము.

అయితే పనులకు తల్లిబిడ్డల బంధము చాలదు; ఇరుగుపొరుగు బంధములును గలవు. జీరాలో ముఖ్యముగా నాలుగు ముడులు కానవచ్చును. ఈ పని ఆ పనిని ఆపుచున్నది యనునది మొదటిది. ఇది దాని పునరుక్తి యనునది రెండవది. ఇది దాని ప్రతి యనునది మూడవది. దీనికి దానితో సంబంధము గలదు అనునది నాలుగవది. మొదటి ముడిని ఒకవైపున వ్రాసిన చాలును. రెండవవైపు చీటిలో “ఆ పనిచేత ఇది ఆపబడుచున్నది” అని తానే కనబడును. కర్తరి ప్రయోగమును కర్మణిగా మార్చు శ్రమ మనకు లేదు.

ఇక్కడ నొక సూక్ష్మము గలదు. వరుసలో ముందున్న దంతయు వెనుకదానిని ఆపునది కాదు. నన్నయ భట్టారకుడు పదునొకండవ శతాబ్దమున ఆదిసభాపర్వములు ముగించి, అరణ్యపర్వమున కొంతవఱకు వచ్చి నిలిచెను. పదుమూడవ శతాబ్దమున తిక్కన సోమయాజి ఆ శేషమునకై కాచుకొనక విరాటపర్వమునుండి పదునైదు పర్వములు రచించెను. అరణ్యశేషమును పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. అరణ్యమునకును విరాటమునకును సంబంధము గలదు. అడ్డు మాత్రము లేదు. తిక్కన దీనిని అడ్డని తలచియుండినచో, ఆ పదునైదు పర్వములు మనకు ఆయన చేతినుండి దక్కెడివి కావు. కనుక సంబంధ మున్నచోట అడ్డు అని ముడివేయరాదు.

అడ్డు నిజముగా నున్నచోట వ్రాయకుండుట అంతకంటె కీడు. వేసవిలో చెరువు బాగుచేయ గ్రామము నిశ్చయించిన దనుకొందము. అది పెద్దచీటి. కట్ట గట్టిచేయుట, తూము మరమ్మతు, పూడికతీత దాని బిడ్డలు. కొలత యందనిదే కమ్మరి తూముతలుపు చేయజాలడు. తలుపు రానిదే మేస్త్రి కట్టుబడి ముగింపజాలడు. మూడు చీటీలును వ్రాసి ముడులు వేయక విడిచితిమా, కమ్మరి కొలతకై కూర్చుండును, మేస్త్రి తలుపునకై కూర్చుండును. ఎవని నడిగినను తన తప్పు లేదనును. అతడు చెప్పినది నిజమే. ఇంతలో తొలకరి వచ్చును. నీరు చేరును, తూము తెఱవలేము. కొసఆయకట్టు రైతు మడి యెండును. ఆ యెండుటకు కారణము ఏ మనుష్యుడును కాడు, వ్రాయని ముడి.

ఈ ముడులనుండి దినముల లెక్కయు తేలును. కొలతకు రెండు దినములు, తలుపునకు ఎనిమిది, కట్టుబడికి నాలుగు, అది తడిసి గట్టిపడుటకు ఏడు అనుకొన్నచో మొత్తము ఇరువదియొకటి. ప్రక్కన కట్టపనికి పదునైదు దినములే. కట్టకు ఇంకను ఇరువదిమంది కూలీలను పెట్టినను చెరువు ఒక్కదినము ముందు సిద్ధము కాదు. కొలత ఒకదినము ముందిచ్చినచో అగును. మిక్కిలి పొడవైన ఈ గొలుసును కనిపెట్టి లెక్కించు పద్ధతిని 1957 ప్రాంతమున అమెరికాలో డ్యూపాంట్ కర్మాగారములవారికొఱకు మోర్గన్ వాకర్, జేమ్స్ కెల్లీ అనువారు రూపొందించిరి. 1958లో ఆ దేశపు నౌకాదళము పొలారిస్ క్షిపణుల నిర్మాణమునకై ఇట్టిదే మఱియొక పద్ధతిని కల్పించెను. ఆనాడు కాగితముపై గీచిన బాణపుగీతలే నేటి ముడులకు పూర్వులు.

తర్కశాస్త్రము చెప్పిన దోషములు ఇచ్చటను వర్తించును. ఇది దానికై, అది దీనికై కాచుకొన్నచో అన్యోన్యాశ్రయము, రెండును కదలవు. అట్టిచోట ఒక పనిని రెండుగా విఱిచి, కాచుకొన నక్కఱలేని భాగమును ముందు సాగింపవలయును. పనిని ముక్కలుగను, ముక్కలను తునుకలుగను విభజించుచు పోయినచో అనవస్థ. చీటీలు వ్రాయుటయే పనియగును. ఒకడు ఒకటి రెండు దినములలో ముగింపగల పని యైనచో అక్కడ ఆగుట మేలు. ఒకేపనికి ఇద్దఱు రెండు చీటీలు వ్రాసినచో పునరుక్తి. ఒకదానిని మూసి రెండవదానికి ముడివేయవలయును, చింపి పాఱవేయరాదు. ఏలయన, మొదట ఫిర్యాదు చేసినవాడు తన మాట ఎక్కడికి పోయెనో తెలిసికొనవలయును గదా.

కడపట నొక్కమాట. అడ్డు అని ముడివేసినంతమాత్రమున సాధనము మనలను ఆపదు. ప్రత్యేకముగా నియమము పెట్టకున్నచో, ఆగవలసిన పనినిగూడ “ముగిసినది” అని వ్రాయనిచ్చును. దానికి సిగ్గు లేదు, భయము లేదు. అవి వ్రాయువానికి ఉండవలయును. అట్లే ఎవడెన్ని చీటీలు మూసెనని లెక్కించి మనిషికి విలువ కట్టుట తగదు. తన చీటి నొకదినము ప్రక్కనుంచి పొరుగువాని అడ్డు తొలగించినవాడే పనికి నిజమైన మిత్రుడు.

మీ పిల్లలు ఈసారి ఇంటికి వచ్చినపుడు, “నీ పని దేనికై ఆగియున్నది? నీకై ఎవరు కాచుకొనియున్నారు?” అని అడుగుడు. వారికి మీతో చెప్పుకొనుటకు మాట దొరకును. గ్రామపు పనులకు కూడినపుడు ఈ రెండు ప్రశ్నలనే మీలో మీరు వేసికొని, జవాబులను పుస్తకములో వ్రాసియుంచుడు. దానికి కంప్యూటరు అక్కఱలేదు. సెలవు.