పాదంలో ఎముక కణితి – తేల్చుకున్న తరువాతే కత్తి
(నార్సింగిలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై మూడేళ్ళు ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాను. మా బంధువుల పిల్లవాడి కాలి విషయమై ఏడాదికి పైగా ఆసుపత్రుల చుట్టూ తిరిగి, పెద్ద డాక్టర్లను అడిగి తెలుసుకున్న నాలుగు మాటలు మీకు విన్నవించుకుంటాను.

మన శరీరంలో ఎముకలు 206. ఒక్కొక్క పాదంలో 26 చొప్పున రెండు పాదాల్లో 52. పావు వంతు ఎముకలు అక్కడే ఉన్నా, కణితి పాదపు ఎముకలో పుట్టడం బహు అరుదు. పుట్టిన వాటిలోనూ ఎక్కువ భాగం ప్రాణాపాయం లేనివే. అరుదు కనుకనే ఎవరికీ తట్టదు. పాదం నొప్పి అనగానే బెణుకు అంటాము, మడమ శూల అంటాము, యూరిక్ యాసిడ్ అంటాము. మన వయసు వారికైతే షుగరు అంటాము. చాలా వరకు అదే నిజం కూడా. కాని వాటికి తగిన మందు వాడినా తగ్గనప్పుడు ఆగి ఆలోచించాలి.

మా పిల్లవాడికి పదిహేనేళ్ళు. చీలమండ దగ్గర నొప్పి. ఒకచోట కట్టు కట్టారు, మరొకచోట నూనె రాసి తోమారు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. బడి ఎగ్గొట్టే సాకు అన్నవారూ ఉన్నారు. చివరకు ఒక డాక్టరుగారు, "నొప్పి రాత్రిపూట ఎక్కువా? మాత్ర వేస్తే తగ్గుతోందా?" అని అడిగారు. రెండూ నిజమే. సి.టి. స్కాన్ తీస్తే ఎముకలో చిన్న గూడులాంటి కణితి కనబడింది. దాని పేరు ఆస్టియాయిడ్ ఆస్టియోమా. క్యాన్సర్ కాదు. సూదితో వేడి పెట్టి మాడ్చివేశారు.

అన్నీ ఇంత సులువుగా పోవు. పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళ లోపు వారిలో ఎక్కువగా కనిపించే యూయింగ్ సార్కోమా జ్వరం, వాపులతో అచ్చం చీము పట్టినట్టే ఉంటుంది. మన వయసులో ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, పేగుల్లోని క్యాన్సర్ ఎప్పుడో ఒకప్పుడు పాదానికి పాకవచ్చు. కనుక విశ్రాంతిలోనూ, రాత్రిపూటా తగ్గని నొప్పి, నానాటికీ పెరిగే గట్టి వాపు ఉంటే మూడు నాలుగు వారాలు దాటనీయకండి. అటువంటి చోట తోమించకండి.

మన ఆఫీసులో కింది నుంచి నోట్ రానిదే ఫైలు మీద ఆర్డరు పడేది కాదు. ఇక్కడా అంతే. మొదట ఎక్స్‌రే, తరువాత అవసరాన్ని బట్టి సి.టి. లేక ఎం.ఆర్.ఐ., ఆపైన కావలసివస్తే ముక్క పరీక్ష. స్కాన్ చూసే డాక్టరు, ముక్కను పరీక్షించే డాక్టరు, ఆపరేషను చేసే డాక్టరు, ముగ్గురూ కలిసి తేల్చాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, కణితి అనుమానం ఉంటే ముక్కను అసలు ఆపరేషను చేయబోయే చోటనే తీయించాలి. క్యాన్సర్ అయితే సూది వెళ్ళిన దారిని కూడా తీసివేయవలసి రావచ్చు. పాదంలో జాగా తక్కువ. తప్పు చోట కోస్తే, దక్కవలసిన పాదం దక్కకపోవచ్చు.

మన నార్సింగి చుట్టూ నేడు పెద్ద పెద్ద ఆసుపత్రులు లేచాయి. ప్రభుత్వపరంగా రెడ్‌హిల్స్‌లో 1955లో ఏర్పడిన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా పాత ఫిల్ములు, రిపోర్టులు తేదీల వారీగా ఫైలు చేసి తీసుకువెళ్ళండి. ముక్క పరీక్ష అయితే స్లైడ్లు, మైనపు దిమ్మ అడిగి తీసుకోండి. రెండో డాక్టరు అభిప్రాయానికి అవే ఆధారం.

క్యాన్సర్ అని తేలినా ధైర్యం విడువరాదు. రాంట్‌జన్ ఎక్స్‌రేలను కనుగొన్న 1895లోనే మన భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన జరిగిన కృషి ఫలితమే మెథోట్రెక్సేట్ అనే మందు. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ వచ్చిన పిల్లలకు నేటికీ దానిని ఇస్తున్నారు. మందు ఉంది, పరీక్ష ఉంది. కావలసినది సకాలంలో కదలడం.

మనవలు, మనవరాళ్ళు కాలు నొప్పి అన్నప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "రాత్రిపూట కూడా నొప్పిగా ఉంటోందా నాయనా?"