రిస్పా కావలి

(అధ్యక్ష మండల శతవార్షికోత్సవముల సందర్భమున గురువుల, ఉపదేశకుల, సంఘ పెద్దల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



నూరేళ్ళ పండుగ అనగానే మనము కట్టిన దేవాలయములను, బడులను, ఆసుపత్రులను లెక్క పెట్టుకొంటాము. అది తప్పు కాదు. కాని నాకిచ్చిన అంశము వేరు. సంఘములో ఒకరు జబ్బుతోనో, వయస్సు మీరియో కాక మనుష్యుల చేతిలో చనిపోయినప్పుడు, ఆ ఇంటి వారి యొద్దకు మనము ఏ మాటతో వెళ్ళాలి? ఈ విషయములో నేనెంత తప్పుగా నడిచానో ఈ అంశము నాకిచ్చినవారికి తెలియదనుకొంటాను. తెలిసి ఉంటే ఇంకొకరికి ఇచ్చేవారేమో.

నాకు గురుపట్టము వచ్చిన రెండవ సంవత్సరములో, నేనున్న పాస్టరేటులోని ఒక చిన్న సంఘములో ఇరవై నాలుగేళ్ళ కుర్రవాణ్ణి కొట్టి చంపారు. ట్రాక్టరు తోలేవాడు. క్రిస్మసుకు నక్షత్రము కట్టేదీ, మైకు సరి చేసేదీ అతడే. కూలి డబ్బుల దగ్గర మాట పెరిగింది. సాయంత్రము ముగ్గురు ఇంటికి వచ్చి పిలుచుకొని పోయారు. తెల్లవారి కాలువ గట్టు మీద దొరికాడు. పోస్టుమార్టము అయి శవము ఇంటికి చేరేసరికి మరునాడు సాయంత్రము నాలుగు దాటింది. పెట్టె మూత తీయనివ్వలేదు. చీకటి పడక ముందే సమాధుల దొడ్డికి తీసుకొని పోవాలని అందరికీ తొందర.

నేను నిలువబడి ప్రసంగించాను. దేవుడు తన తోటలో మంచి పువ్వును ముందుగా కోసుకొన్నాడని చెప్పాను. ఆయన చిత్తము లేనిదే ఏదీ జరుగదని చెప్పాను. చాలామంది ఏడ్చారు. బాగా చెప్పారయ్యగారూ అని ఇద్దరు పెద్దలు నా చేయి పట్టుకొన్నారు కూడా.

మూడవ నాడు ఆదరణ కూటమునకు వెళ్ళాను. ఆ తల్లి గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. కీర్తన అయింది, వాక్యము చదివాము. అప్పుడామె అన్నది: "అయ్యగారూ, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోమాకండి. మా వాణ్ణి దేవుడు తీసుకున్నాడా, ఆళ్ళు చంపారా? దేవుడే తీసుకుంటే మరి ఆళ్ళ మీద కేసెందుకు?"

వేదాంత కళాశాలలో ఈ ప్రశ్నకు నేను పన్నెండు పుటల వ్యాసము వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నవాణ్ణి. ఆ గోడ దగ్గర ఒక్క పుట కూడా జ్ఞాపకము రాలేదు. ప్రార్థన చేసి లేచి వచ్చేశాను.

ఇంటికి వచ్చి ఆదికాండము నాలుగవ అధ్యాయము తీశాను. లోకములో మొట్టమొదటి చావు హత్య. పరిశుద్ధ గ్రంథము ఆ సంగతి చెప్పేటప్పుడు దేవుడు హేబెలును పిలుచుకొన్నాడని ఎక్కడా అనలేదు. అన్న తమ్ముణ్ణి చంపాడని చెప్పింది. నీ తమ్ముడెక్కడ అని దేవుడు చంపినవాణ్ణి అడిగాడు. నేలలో నుండి ఆ రక్తము మొర పెట్టుచున్నదని ఆయనే అన్నాడు. దేవుడు మొర వినేవాని పక్షముననుండగా, నేను ఆ సాయంత్రము ఆయనను చంపినవారి వరుసలో నిలబెట్టి వచ్చాను. ఓదార్పు అనుకొని చెప్పిన మాట అది.

రెండవ సమూయేలు గ్రంథము ఇరువది యొకటవ అధ్యాయము మనము ఎన్నిసార్లు ప్రసంగించాము? నేనైతే అప్పటివరకు ఒక్కసారి కూడా లేదు. దేశములో మూడేళ్ళ కరవు. దావీదు సౌలు సంతానములో ఏడుగురిని గిబియోనీయులకు అప్పగించాడు. వారిని కొండ మీద చంపి వ్రేలాడదీశారు. అందులో ఇద్దరు రిస్పా కొడుకులు, మిగిలిన ఐదుగురు సౌలు కుమార్తె పిల్లలు. యవల కోత మొదలైన దినములవి. రిస్పా గోనెపట్ట తెచ్చి బండ మీద పరచుకొని కూర్చుంది. ఆకాశము నుండి వాన పడేవరకు పగలు పక్షులను, రాత్రి అడవి మృగములను ఆ శవముల మీదికి రానివ్వలేదు. తన బిడ్డలనే కాదు, ఏడుగురినీ కాసింది. ఆ అధ్యాయమంతటిలో ఆమె ఒక్క మాట కూడా మాట్లాడదు. ఆ సంగతి విని రాజు కదిలాడు. ఎముకలను పోగు చేయించి మర్యాదగా పాతిపెట్టించాడు. దేశము కొరకు చేసిన విన్నపమును దేవుడు ఆలకించినది ఆ తరువాతనే అని గ్రంథము చెప్పుచున్నది. ఏడుగురు చచ్చినందుకు కాదు, పాతిపెట్టబడిన తరువాత. ఈ వరుస గమనించండి.

ఇది చదివినప్పుడు నాకు చుండూరు జ్ఞాపకము వచ్చింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను అక్కడ చంపారు. అప్పుడది గుంటూరు జిల్లా, 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉన్నది. ఆ పేటలో అనేకులు క్రైస్తవులు. పొలాలకు పారిపోయినవారిని వెంటాడి చంపి, శవములను గోనె సంచులలో కుక్కి డ్రెయినులో పడవేశారు. అప్పటికి నాకు పదేళ్ళు. మా ఇంట్లో పెద్దలు తలుపులు వేసుకొని మెల్లగా మాట్లాడుకోవడము మాత్రమే నాకు గుర్తు. ఆగస్టు 6 మన సంఘ పంచాంగములో ప్రభువు రూపాంతర దినమని గురువునయిన తరువాత గానీ గమనించలేదు. కొండ మీద వెలుగు చూచిన శిష్యులు క్రిందికి దిగగానే వారికి ఎదురైనది ఒక బిడ్డ కొరకు ఏడ్చుచున్న తండ్రి. ఆ పండుగ నాడు మనము కొండ మీది మాటే చెప్పి కూర్చుంటాము.

చుండూరు వారు తమవారిని ఊరి వెలుపల ఎక్కడో కనపడకుండా పాతిపెట్టడానికి ఒప్పుకొనలేదు. ఊరి నడుమనే పాతిపెట్టారు. ఆ చోటును రక్తక్షేత్రమని పిలుస్తారు. రిస్పా గోనెపట్ట పరచినట్లే ఇదీ అని నాకు తోచింది. ఆ కేసు విచారించుటకు ఆ ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానము పెట్టారు. పదునారేళ్ళకు, 2007 జులై 31న, ఇరవై యొక్క మందికి యావజ్జీవము, ముప్పది అయిదుగురికి ఏడాది శిక్ష పడినది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసినది. భర్తలను, బిడ్డలను పోగొట్టుకొని ఇన్నేళ్ళు కాచుకొన్న స్త్రీల ముందు నిలువబడి మనము ఏ వాక్యముతో మొదలు పెడతాము?

దానికి ఆరేళ్ళ ముందు, 1985 జులై 17న, కారంచేడులో ఆరుగురిని చంపినప్పుడు ప్రాణములు దక్కించుకొని చీరాల చేరినవారికి దేవాలయపు ఆవరణ నీడనిచ్చింది. ప్రసంగము కంటె ముందు ఇవ్వవలసినది ఆ నీడయే. యోబు స్నేహితులు ఏడు దినములు నేల మీద ఊరక కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడిపోయారు.

ఇక క్షమాపణ మాట. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉన్నది. నాలుగు నెలలకు ఊరి పెద్దలు రాజీ తెచ్చారు. కొంత సొమ్ము ఇస్తామని, తల్లి సాక్ష్యము చెప్పకుండా ఉంటే చాలునని. పిలుచుకొని పోయినవారిని చూచినది ఆమె ఒక్కతే. మన సంఘ పెద్దలలో కొందరు నా యొద్దకు వచ్చి, క్రైస్తవులము కోర్టులకు తిరగవచ్చునా అయ్యగారూ, కొరింథీయులకు పౌలు వ్రాసినది చూడండి అన్నారు. నేను వారితో కూడ ఆమె ఇంటికి వెళ్ళాను. గ్లాడిస్ స్టెయిన్సు అమ్మగారి సంగతి చెప్పాను. 1999 జనవరిలో ఒడిషాలోని మనోహర్‌పూర్‌లో భర్తను, ఇద్దరు చిన్న బిడ్డలను సజీవముగా తగులబెట్టినవారిని ఆమె క్షమించలేదా అన్నాను.

ఆమె నా వంక చూచి, "ఆ అమ్మ తనంతట తను చెప్పిందా, మీలాంటోళ్ళు నలుగురొచ్చి చెప్పించారా?" అన్నది.

ఆ రాత్రి లూకా పదునెనిమిది చదువుకొన్నాను. న్యాయము తీర్చమని అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విసిగించిన విధవరాలిని ప్రభువు గద్దించలేదు. ప్రార్థన అంటే అట్లుండాలని శిష్యులకు చూపించాడు. పౌలు కొరింథులో కాదన్నది సహోదరుల మధ్య చిల్లర తగాదాలను; తన ప్రాణము మీదికి వచ్చినప్పుడు ఆయనే కైసరు ఎదుట చెప్పుకొంటానన్నాడు. స్టెయిన్సు అమ్మగారు క్షమించినా, చట్టము తన పని తాను చేయకుండా అడ్డు పడలేదు. క్షమాపణకును రాజీకిని మధ్య ఉన్న గోడను నేనే పడగొట్టబోయాను.

తెల్లవారి వెళ్ళి క్షమించమని అడిగాను. తరువాత ఆమె కోర్టుకు వెళ్ళిన ప్రతి వాయిదాకు వెంట ఎవరో ఒకరము వెళ్ళాము. ఎక్కువసార్లు వెళ్ళినది నేను కాదు; స్త్రీల కూడికలో ఒక ముసలమ్మ, చదువు రానిది. టిఫిను డబ్బా పట్టుకొని కోర్టు వరండాలో ఆమె ప్రక్కన కూర్చునేది. ఏం మాట్లాడుకొంటారని అడిగితే, "ఏముందయ్యా, కూర్చుంటాం" అన్నది. ముగ్గురిలో ఇద్దరికి శిక్ష పడినది. మూడవవాడు విడుదలై ఊరిలోనే ఉన్నాడు. పాల కేంద్రము వద్ద ఆమె వాణ్ణి రోజూ చూస్తుంది.

ఆమె దేవాలయమునకు మరల రావడానికి ఏడాది పైన పట్టింది. వచ్చిన తరువాత పెద్దలు ఒక సంగతి కనిపెట్టారు. ప్రభువు ప్రార్థనలో మా ఋణస్థులను క్షమించుచున్నామన్న మాట వద్ద ఆమె నోరు మూసుకొంటున్నది. అటువంటి మనిషికి ప్రభువు భోజనము ఇవ్వవచ్చునా అని అడిగారు. ఇచ్చాను. మిగిలిన ప్రార్థనలో ఆమె అబద్ధమాడుట లేదు గదా, మనలో ఎందరము ఆ మాటను అలవాటుగా పలికి అబద్ధమాడుచున్నాము అని వారికి చెప్పాను. కీర్తనల గ్రంథములో ఇంచుమించు మూడవ వంతు మొరలే. ఎనుబది యెనిమిదవ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, వెలుగులోనికి రాదు. దానిని కూడ దేవుడు ప్రార్థనగానే ఉంచాడు.

క్రిందటి ఏడు సమాధుల పండుగకు ఆ సంఘము వారు నన్ను పిలిచారు. ఆ కుర్రవాని సమాధికి సున్నము కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించారు. ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు, ఆమెకూ ప్రక్క వరుసలోనే సమాధి. అందరము కలిసి ప్రభువు ప్రార్థన చెప్పాము. నేను ఆ తల్లి ప్రక్కనే నిలువబడ్డాను. ఆ మాట దగ్గర ఆమె ఆగింది. నేనూ ఆగాను. శోధన మాట నుండి ఇద్దరమూ మరల అందుకొన్నాము.