‘కి’ ఎక్కడుంది? వినపడని పిల్లలు, తెలుగు చదువు, మన చేతిలో ఫోన్

బెజవాడ నుంచి మళ్లీ వచ్చేశాను. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. సౌండ్ మొత్తం మ్యూట్ చేసి నా పెదాలే చూడండి. మూడు మాటలు చెప్తాను.

[మూడు మాటలు పలికి, సౌండ్ పెట్టుకోమని సైగ]

ఒకే మాట మూడుసార్లు అన్నట్టుంది కదా? కాదు. పాట, బాట, మాట. ప, బ, మ మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుంటాయి. ‘పెదాలు చూసి అర్థం చేసుకుంటాడులే’ అని మనం ఈజీగా అనేస్తాం. వినపడని పిల్లాడికి రోజంతా ఇదే పరీక్ష.

పోయిన ఏడాది ఇక్కడికి దగ్గర్లోనే ఒక బధిరుల హాస్టల్‌కి వెళ్లాను. బీటెక్ బుర్ర కదా, సొల్యూషన్ జేబులో పెట్టుకునే వెళ్లా. గూగుల్ లైవ్ ట్రాన్‌స్క్రైబ్. 2019లో వచ్చింది. అమెరికాలో బధిరుల చదువు కోసమే ఉన్న గాలొడెట్ యూనివర్సిటీతో కలిసి చేశారు. మనం మాట్లాడుతుంటే స్క్రీన్ మీద అక్షరాలు పడతాయి, తెలుగులో కూడా. ఏడో తరగతి కుర్రాడి చేతిలో ఫోన్ పెట్టి, ‘మీ అమ్మ నీకు ఏం పంపించింది?’ అని అడిగాను. ఒక్క తప్పు లేకుండా పడింది. వాడు స్క్రీన్ చూశాడు, నన్ను చూశాడు, నవ్వేసి ఫోన్ నాకే ఇచ్చేశాడు.

అక్కడి టీచర్ గారు అన్నారు: ‘బాబూ, వాడికి అక్షరాలన్నీ వచ్చు. అమ్మ అంటే తెలుసు, పంపడం అంటే తెలుసు. ఎవరు ఎవరికి పంపారు అనే దగ్గర, ఆ ‘కి’ దగ్గర, ‘కు’ దగ్గర ఆగిపోతాడు.’

ఆలోచించండి. ‘కి’, ‘తో’, ‘ని’ మనకి ఎవరు నేర్పారు? ఎవరూ లేదు. బడికి వెళ్లేలోపే వేలసార్లు విని పట్టేశాం. బడిలో చేసింది, అప్పటికే వచ్చిన భాషకి అక్షరాలు తగిలించడమే. ఈ పిల్లలకి అలా జరగదు. అమెరికాలో తీసిన లెక్క ప్రకారం వినపడని పిల్లలు 10 మందిలో 9 మందికి పైగా వినే తల్లిదండ్రులకే పుడతారు. ఇంట్లో ఎవరికీ సైన్ రాదు, నోటి తెలుగు వీళ్ల చెవికి చేరదు. భాష అనేదే పూర్తిగా అందకుండా ముఖ్యమైన ఏళ్లు గడిచిపోతాయి. క్యాప్షన్లు చదవగలిగిన వాళ్లకి వరమే. కానీ అవి చదవడం నేర్పవు. నేను మిస్ అయింది అదే.

టీచర్ గారు బోర్డు మీద రెండు వాక్యాలు రాశారు. ‘అమ్మ పాపకి పుస్తకం ఇచ్చింది.’ ‘అమ్మకి పాప పుస్తకం ఇచ్చింది.’ కుర్రాడికి రెండూ ఒకటే. తర్వాత సైన్‌లో చెప్పారు. అమ్మని ఒకవైపు, పాపని ఇంకోవైపు గాల్లో చూపించారు. ‘ఇవ్వడం’ అనే సైన్ అమ్మ వైపు నుంచి పాప వైపు కదిలింది. రెండోసారి అటు నుంచి ఇటు. వాడికి వెంటనే అర్థమైపోయింది. అంటే మనం ‘కి’తో చెప్పేది, సైన్‌లో చెయ్యి కదిలే దారిలో ఉంది! ఇండియన్ సైన్ లాంగ్వేజ్ అంటే ఏవో సైగలు కాదు, గ్రామర్ ఉన్న భాష.

ఆ రాత్రి కూర్చుని 12 సెకన్ల వీడియో చేశా. ఏఐ లేదు, ఏమీ లేదు, మామూలు ఎడిటింగ్ యాప్. పైన టీచర్ గారి సైన్, కింద వాక్యం. చెయ్యి పాప దగ్గరికి చేరగానే ‘కి’ ఎర్రగా మారుతుంది. కుర్రాడు దాన్ని స్లో చేసి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. అలాంటివే ఇంకొన్ని చేసి ఇచ్చాం. కొన్ని వారాలకి తనంతట తాను ఒక వాక్యం రాశాడు: ‘తమ్ముడు నాకి బంతి ఇచ్చాడు.’

‘నాకి’ తప్పే. కానీ చూడండి, వాడు కాపీ కొట్టలేదు. రూల్ పట్టుకుని సొంతంగా వాడాడు. చిన్నపిల్లలు మాటలు నేర్చుకునేటప్పుడు చేసే తప్పులు ఇలాంటివే. ఒక తప్పు చూసి టీచర్ అంత సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు మనకి ఏమున్నాయో చెప్తా. 2015లో ఢిల్లీలో ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ పెట్టారు. వాళ్ల డిక్షనరీ 2021కి 10,000 పదాలకి చేరింది. 2022లో ‘సైన్ లర్న్’ యాప్ వచ్చింది. అప్పుడు హిందీ, ఇంగ్లిష్ మాటలతో వెతుక్కునేలా ఇచ్చారు. స్కూల్ పుస్తకాలని సైన్‌లోకి మార్చడానికి 2020లో ఎన్‌సీఈఆర్‌టీతో ఒప్పందం అయింది. 2024 డిసెంబర్ 6న సైన్ లాంగ్వేజ్ కోసం పీఎం ఈ-విద్య 31వ ఛానల్ మొదలైంది. అన్నీ ఫ్రీ. కానీ డిక్షనరీ ఇచ్చేది పదాలు. మన ‘కి’, ‘కు’, ‘తో’ తెలుగు నేర్పేవాళ్లే చేసుకోవాలి. సైన్ బాగా వచ్చిన బధిరులని పక్కన పెట్టుకుని, వాళ్లు చెప్పినట్టు చేయాలి. కోడ్ రాసేవాళ్లం ఊహించి చేస్తే నా మొదటి రోజు లాగే అవుతుంది.

ఇంకో సంగతి. ఆ కుర్రాడి వాళ్లమ్మ దివిసీమలో ఉంటారు, పొలం పనికి వెళ్తారు. టైపింగ్ రాదు కాబట్టి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపేవారు. వినపడని కొడుక్కి! ఆవిడ తప్పు కాదు, ఇంకో దారి ఎవరూ చెప్పలేదు. టీచర్ గారు వీడియో కాల్‌లో రోజుకి రెండు మూడు సైన్‌లు నేర్పారు. తిన్నావా, నిద్ర పట్టిందా, ఎప్పుడొస్తావు... ఇప్పుడు ఆవిడ వీడియోలే పంపుతున్నారు.

మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి తమ్ముడో చెల్లో ఉంటే, ఈ రోజే ఐదు సైన్‌లు నేర్చుకోండి. చిన్న వీడియో తీసి పంపండి. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిది.

సంక్రాంతి అయ్యాక మళ్లీ హాస్టల్‌కి వెళ్లాను. ఫోన్‌లో అదే ప్రశ్న చూపించా: ‘మీ అమ్మ నీకు ఏం పంపించింది?’ వాడు ఫోన్ తిరిగి ఇవ్వలేదు. టైప్ చేశాడు: ‘అమ్మ నాకు అరిసెలు పంపింది.’ తర్వాత డబ్బా మూత తీసి నాకొకటి ఇచ్చాడు.

ఉంటాను ఫ్రెండ్స్, మళ్లీ కలుద్దాం.