విధ్వంసక నౌక: వాడిమియు లోపమును
(చిత్తూరు పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



చిత్తూరున కూర్చుండి జపాను యుద్ధనౌకలను గూర్చి ముచ్చటింపనేల యని మీలో కొంద రడుగవచ్చును. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు పడినవి. ర్యూజో యను విమానవాహక నౌకనుండి ఎగిరి వచ్చిన జపాను విమానములు వానిని వేసినవి. ఆ దినములలోనే ఓజావా సేనాని నౌకాదళము బంగాళాఖాతమున 20కి పైగా వాణిజ్య నౌకలను ముంచెను. వానియందు మన దేశపు కళాసులును ఉండిరి. మదరాసు జనులు ఇండ్లకు తాళములు వేసి లోనాటి జిల్లాలకు తరలిపోయిరి. కడలి మనకు దూరమే కాని, భయము దూరము గాదయ్యెను.

ఆ దళమునందలి అమగిరి, యూగిరి, షిరాకుమో యనునవి ఫుబుకి తరగతి విధ్వంసక నౌకలు. 1922 నాటి వాషింగ్టను ఒడంబడిక పెద్ద యుద్ధనౌకల విషయమున ఇంగ్లండునకు 5, అమెరికాకు 5, జపానుకు 3 పాళ్లుగా నిర్ణయించెను. ఆ కొఱతను చిన్న నౌకల బలముతో పూరింపవలెనని జపాను సంకల్పించెను. ఈ తరగతిలో మొదటిది 1928లో కొలువు చేరెను. మూడు జంట గోపురములలో 5 అంగుళముల ఫిరంగులు 6. 24 అంగుళముల టార్పీడో గొట్టములు 9. వేగము 38 నాట్లు, అనగా గంటకు సుమారు 44 మైళ్లు. గోపురములు మూయబడి యుండుటచే ఫిరంగివారికి అలలనుండియు, గాలినుండియు మఱుగు గలిగెను. నాటి ప్రపంచమున ఇంతటి విధ్వంసక నౌక వేఱొకటి లేదు.

అయినను సన్నని దేహముపై బరువైన ఆయుధములు మోపుట కొక హద్దు గలదు. 1935 సెప్టెంబరున తుపానులో చిక్కి హత్సుయుకి, యూగిరి నౌకల ముందుభాగములు తెగిపోయినవి. పిమ్మట వాని కట్టుబడిని బలపఱచిరి, పైబరువును తగ్గించిరి. వేగము సుమారు 34 నాట్లకు దిగెను.

తుపాను చూపిన తప్పును దిద్దుకొనిరి. యుద్ధము చూపిన తప్పును దిద్దుకొన వ్యవధి లేకపోయెను. రాత్రివేళ చొచ్చుకొనిపోయి టార్పీడో ప్రయోగించుటయే వాని విద్య. ఎత్తిన ఫిరంగిని మరల దించి గుండు నింపవలసి యుండుటచే విమానములపై వడిగా కాల్చజాలవు. జలాంతర్గాములనుండి తమ వాణిజ్య నౌకలను కాచు పని వానికి గౌణమయ్యెను. షిరాకుమో 1944 మార్చిలో అమెరికా జలాంతర్గామికే బలియయ్యెను. కట్టిన 24 నౌకలలో యుద్ధాంతమునకు మిగిలినవి 2 మాత్రమే. అన్నమును, చమురును తెచ్చు నౌకలు మునిగిపోగా జపాను ప్రజలు ఆకటికి లోనైరి.

మేము వకీలు వృత్తియందున్న వారము. ఎదిరి సాక్షిని ఎన్ని ప్రశ్నలతో గుచ్చినను, తన కక్షిదారుని కాపాడలేని వకీలుకు గెలుపు లేదు. నౌకాబలమునకును అంతియే. 1942లో మన తీరమును కాచు బాధ్యత పరుల చేతిలో నుండెను. అడుగు హక్కు మనకు లేకుండెను. నేడు ఆ హక్కు గలదు. బాంబులు పడిన ఊరి పేరనే 2021 నవంబరులో ఐ.ఎన్.ఎస్. విశాఖపట్నం అను విధ్వంసక నౌక మన నౌకాదళమున చేరినది. దానిని చూచి గర్వింపుడు. కాని ఎన్ని ఆయుధములు మోయుచున్నదని మాత్రమే గాక, సముద్రమును నమ్ముకొన్న జాలరిని, సరకు నౌకలోని కళాసిని ఎట్లు కాచుననియు అడుగుడు. పన్నిచ్చు పౌరునికి అది హక్కు, విధియును.