పరదేశంలో పంటినొప్పి – మేము తెలుసుకున్న సంగతులు



మాది సోలాపురం. మా తాతలు కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం పని కోసం వచ్చి ఇక్కడనే స్థిరపడ్డారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. డాక్టర్ల లెక్క చెప్పే తెలివి మాకు లేదు. కానీ ఇప్పుడు మన పిల్లలు అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నారు. మనుమలను చూసుకోవడానికి ముసలివాళ్లం ఐదారు నెలలు పోయి వస్తున్నాం. అందుకని అక్కడ మాకు ఎదురైన సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాం.

అమెరికా పోయిన రెండో నెలలో మా ఇంటామెకు దవడ పన్ను గుంజుడు మొదలైంది. కొడుకుకు ఖర్చవుతుందని నాలుగు రోజులు లవంగం పెట్టుకొని ఎవ్వరికీ చెప్పలేదు. దవడ వాచినంకనే బయటపడింది. ఇక్కడైతే మెడికల్ షాపుకు పోయి గోళీలు తెచ్చుకుంటాం. అక్కడ డాక్టరు చీటీ లేనిదే యాంటీబయాటిక్ గోళీ ఇవ్వరు. మామూలు ఇన్సూరెన్సు వేరు, పళ్ల ఇన్సూరెన్సు వేరు.

మా కొడుకు ఒక యూనివర్సిటీ పళ్ల కాలేజీకి తీసుకపోయాడు. అక్కడ చదువుకునే పిల్లలు ప్రొఫెసర్ల ముందర పని చేస్తారు. టైము ఎక్కువ పడుతుంది, ఖర్చు తక్కువ. ముందుగా బీపీ చూశారు, ఏ గోళీలు వేసుకుంటున్నారని అడిగారు, ఎక్స్‌రే తీశారు. తర్వాత డాక్టరమ్మ ఫోను స్పీకర్ పెట్టింది. అందులోంచి "నమస్కారం అమ్మా, మీ మాట నేను డాక్టరు గారికి చెప్తాను" అని తెలుగు వినిపించింది. సర్కారు డబ్బు తీసుకునే దవాఖాన, భాష రాని రోగికి దుబాసీని ఉచితంగా ఇవ్వాలని అక్కడి చట్టం.

ఇక్కడ పెద్ద దవాఖానకు పోతే మా ఆడవాళ్లు వచ్చీరాని మరాఠీలో సగమే చెప్పుకుంటారు. అక్కడ మా ఇంటామె "పల్లు గుంజుతుంది, చెవి దాకా పాకుతుంది" అని తన మాటలోనే చెప్పింది. కొడుకు జవాబు చెప్పబోతే డాక్టరమ్మ "అమ్మను చెప్పనివ్వండి" అన్నది. పన్ను ఉంచాలా, తీయాలా అని ఆమెనే అడిగారు. దేనికెంత అవుతుందో ముందే కాగితం మీద రాసిచ్చారు. ఆమె తీయించుకున్నది.

పోయేవాళ్లకు మా మాట ఇది. నెల ముందే పళ్లు చూపించుకోండి. బీపీ, షుగరు గోళీలు స్ట్రిప్పులతోనే, ఇంగ్లీషు చీటీతో పెట్టుకోండి. పాత జబ్బులకు, పళ్లకు డబ్బు వస్తుందా అని అడిగి ఇన్సూరెన్సు కొనండి.

పదో తరగతి పాసు కాకుండా ఈసీఆర్ పాస్‌పోర్టు మీద గల్ఫ్ పనికి పోయే పిల్లలకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షలు, దవాఖాన ఖర్చుకు 1 లక్ష దాకా ఉంటుంది. ప్రీమియం రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375, ట్యాక్సు వేరు. ఆ కాగితం నకలు ఇంట్లో కూడా ఉంచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, నొప్పిని దాచకండి. మగ్గం మీద పోగు తెగితే అప్పుడే అతుకుతాం, బారెడు నేసినంక చూద్దామని ఊరుకోం కదా. పిల్లలకు కూడా ఒక మాట: మీ దగ్గరికి వచ్చిన అమ్మానాన్నను వారానికి ఒకసారి "ఎక్కడన్నా నొస్తుందా?" అని అడగండి. అడగనిదే వాళ్లు చెప్పరు.

 జై మార్కండేయ!